క్షయరోగి బ్రతుకుట దేనిపై ఆధారపడియున్నది?

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, మిరపతోటలకు వచ్చు తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము మనుష్యునికి వచ్చు తెగులును గూర్చి వ్రాయ బూనితిమి. ఇది పైరుపచ్చల వారి పని కాదని కొందరు సభ్యులు తలంపవచ్చును. మేము వైద్యులము కామన్నది నిజమే. అయినను డోర్నకల్లు చుట్టుపట్ల గ్రామములలో ఒక కుటుంబము అప్పులపాలగుటకు గల కారణములను విచారించినచో, వానలు లేకపోవుట, ధర పడిపోవుట అను వాని సరసనే దీర్ఘవ్యాధియు కానవచ్చును. దీర్ఘవ్యాధులలో క్షయ ముఖ్యమైనది. దాని పాలైనవారిలో పెక్కుమంది నాగలి పట్టు వయస్సువారే. మన దేశమున నేటికిని ఏటేట సుమారు మూడు లక్షల మంది దీనిచేత చనిపోవుచున్నారు. మందు లేని కాలమున ఇది జరిగినచో విధి అనవచ్చును. ఆరు మాసములలో కుదుర్చు మందు ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా దొరకుచుండగా ఇది జరుగుచున్నది.

ఒకే గ్రామమున ఇద్దరికి ఊపిరితిత్తుల క్షయ వచ్చును. ఇద్దరికిని ఒకే మాత్రలు ఇత్తురు. ఒకడు కోతల నాటికి కొడవలి పట్టును. రెండవవాడు రెండు నెలలు తిరుగక మునుపే కాటికి పోవును. నొసటి వ్రాత అని ఊరివారు అందురు. ఒకే చేనిలో ఒక మడి పండి, ఒక మడి ఎండినప్పుడు రైతు నొసటి వ్రాత అని ఊరకుండడు. నేల చూచును, నీరు చూచును, వేరు పెరికి చూచును. వైద్యశాస్త్రజ్ఞులును ఈ విషయమున అట్లే చేసిరి. వారు కనుగొన్న సంగతులను మా చేతనైనంత తేటగా వ్రాయుచున్నాము.

క్షయ వంశమునుండి వచ్చునది కాదు; చేతబడి అంతకంటెను కాదు. దీనికి ఒక సూక్ష్మక్రిమి కారణమని జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కాక్ 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన ప్రకటించెను. రోగి దగ్గినప్పుడు ఆ క్రిములు గాలిలో తేలి, పీల్చినవారి ఊపిరితిత్తులలో చేరును. చేరినంతమాత్రమున రోగము రాదు. పదిమందిలో చేరిన యెడల తొమ్మండుగురిలో అది జీవితాంతము అణగియే యుండును. మాగాణిలో తుంగగడ్డ ఎట్లు మట్టి క్రింద పడియుండి అదను దొరకినప్పుడు మొలచునో, ఆ విధముగనే దేహబలము తగ్గినప్పుడు ఇది పైకి లేచును. ఈ మాట మరువవద్దు. తరువాత చెప్పబోవు సంగతులలో సగము దీనిపైననే నిలిచియున్నవి.

మందు తీసికొననిచో ఏమగును? ఈ లెక్క మన దక్షిణదేశముననే తేలినది. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడినది. ఆ సంస్థవారు 1961 మొదలు 1968 వరకు అచ్చటి గ్రామములను మరల మరల పరీక్షించిరి. తెమడలో క్రిములు గలవారు అయిదేండ్లలో ఏమైరని చూడగా, సుమారు సగము మంది మరణించిరి. ఇంచుమించు మూడవ వంతు మంది తెమడలో క్రిములు లేనివారైరి. తక్కినవారు దగ్గుచు, ఇతరులకు అంటించుచు ఉండిరి. ఆ మూడవ వంతు మందిని గూర్చి ఒక మాట చెప్పవలయును. ఆకు పసరు తాగి క్షయ కుదిరినదని చెప్పుకొనువారు ప్రతి ప్రాంతమునను ఉన్నారు. వారు అబద్ధమాడుటలేదు. ఏమియు తీసికొనకున్నను కుదిరెడివారిలో వారొకరు. పసరు ఇచ్చినవాని కీర్తి ఈ మూడవ వంతుపై పెరుగుచున్నది. చచ్చిన సగము మంది వచ్చి సాక్ష్యము చెప్పరు గదా.

మందులు పుట్టకపూర్వము గాలియు వెలుతురును విశ్రాంతియు ఆహారమే చికిత్స. మన తెలుగుదేశమున దీనికి పేరుపొందిన స్థలము మదనపల్లె. అచ్చట 1912లో పలు మిషనుల వారు కలిసి క్షయ శానిటోరియము స్థాపించిరి. 1915లో అది ఊరి వెలుపలి కొండల నడుమ ఆరోగ్యవరమునకు మారెను. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరు దానిని పెంచెను. నిజాం రాజ్యమున అనంతగిరి కొండలలో అట్టి చికిత్సాలయమే వెలసెను. ఆ కాలపు శానిటోరియములు అన్నిటిలోను ఒక సంగతి స్పష్టముగా కనబడెను. ఊపిరితిత్తిలో చిన్న మచ్చగా ఉన్నప్పుడు వచ్చినవారు పెక్కుమంది బ్రతికిరి. రెండు ప్రక్కలను గుంటలు పడిన తరువాత వచ్చినవారు ఎంత మంచి గాలి పీల్చినను పెక్కుమంది బ్రతుకలేదు. నేటి మందులతో ఈ భేదము తగ్గినది గాని పోలేదు. కాలహరణము మొదటి శత్రువు.

ఆ కాలహరణమునకు రోగి అజ్ఞానమే కారణమని చదువుకొన్నవారు సులువుగా చెప్పుదురు. మాకు ఆ మాట పూర్తిగా రుచింపదు. జాతీయ క్షయ సంస్థవారే తుముకూరు ప్రాంతమున విచారించి 1963లో ప్రకటించిన సంగతి వేరుగా ఉన్నది. క్షయ గలవారిలో పెక్కుమందికి తమ బాధ తెలిసియే యున్నది. సగముకంటె ఎక్కువమంది ఏదో ఒక వైద్యశాలకు పోయియే యున్నారు. అచ్చట వారికి ఒక దగ్గుమందు సీసా ఇచ్చి పంపివేసిరి. అరువదేండ్లు దాటినను ఈ కథ పూర్తిగా మారలేదు. ఊరి ఆర్.ఎం.పి. వైద్యుని వద్ద సూది, మందుల దుకాణమున సీసా, మరల సూది. ఇట్లు రెండు మూడు నెలలు గడచును, బరువు ఎనిమిది కిలోలు తరిగిపోవును. కనుక రైతు స్వయముగా ఒక నియమము పెట్టుకొనవలయును. దగ్గు రెండు వారములు దాటినచో, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట, తెమడలో నెత్తురు వీనిలో ఏది కనబడినను, సీసా పుచ్చుకొని రాక తెమడ పరీక్ష అడిగి చేయించుకొనవలయును. ఇప్పుడు ట్రూనాట్ అను చిన్న యంత్రము కలదు. గోవాలో తయారగుచున్నది. క్రిములున్నవో లేవో, అవి రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు లొంగునో లేదో, రెండును కొన్ని గంటలలో అది చెప్పగలదు. ఉమ్మి కాక, లోతుగా దగ్గి తీసిన తెమడ ఇచ్చిననే పరీక్ష సరిగా వచ్చును.

ఇక మందు సంగతి. స్ట్రెప్టోమైసిన్ అనునది 1943లో అమెరికాలో కనుగొనబడెను. 1946 మొదలు 1948 వరకు ఇంగ్లాండున దానిని పరీక్షించిరి. ముదిరిన క్షయ గల 55 మందికి ఆ మందు ఇచ్చి, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చిరి. ఆరు నెలలలో మందు తీసికొన్నవారిలో 4 గురు, తీసికొననివారిలో 14 గురు చనిపోయిరి. ఎంత సంతోషము! కాని అయిదేండ్ల పిమ్మట లెక్క చూడగా మందు తీసికొన్నవారిలో 32 మంది, తీసికొననివారిలో 35 మంది పోయియుండిరి. లాభమంతయు కరగిపోయెను.

ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము మన ప్రాంతపు ప్రత్తి రైతునకు పుస్తకము చదువకయే తెలియును. 1997-98లో వరంగల్లు జిల్లా ప్రత్తిపై పొగాకు లద్దెపురుగు పడినప్పుడు మందుపై మందు కొట్టిరి, పురుగు చావలేదు. ఒకే మందు మాటిమాటికి కొట్టినచో దానికి లొంగు పురుగులు చచ్చి, లొంగనివి మిగిలి, వాని సంతతియే చేనంతయు నిండును. ఊపిరితిత్తిలోని గుంటలో కోట్లకొలది క్రిములుండును. వానిలో ఒక మందునకు లొంగనివి ముందే కొన్ని కలవు. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు అవి మిగిలి పెరిగెను. కావుననే ఇప్పుడు ఒకేమారు నాలుగు మందులు ఇచ్చుచున్నారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్. ఒకదానినుండి తప్పించుకొన్నది రెండవదానికి చిక్కును. మొదటి రెండు నెలలు నాలుగును, పిమ్మట నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా తక్కిన మూడును, ప్రతిదినము, రోగి బరువును బట్టి ఇత్తురు. 2017 తరువాత మన దేశమున దినము విడిచి దినము ఇచ్చు పద్ధతి పోయి ప్రతిదిన పద్ధతి వచ్చినది.

రెండవ నెలలో రోగికి జ్వరము పోవును, ఆకలి పుట్టును, దగ్గు నిలుచును. అప్పుడే మిరప ఏరుటకు పిలుపు వచ్చును. బాగున్నది గదా యని మాత్రలు గూటిలో పెట్టి పోవును. పైరు పచ్చబడినదని సగము చేను కలుపు తీసి ఊరకుండుట ఎట్టిదో ఇదియు అట్టిదే. మిగిలినవి గట్టి క్రిములు. అవి మరల లేచినప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెంటికిని లొంగకపోవచ్చును. అప్పుడు చికిత్స కష్టము, మరణభయము ఎక్కువ. పనికి వేరే ఊరు పోవలసివచ్చినను మందు మానవలసిన పని లేదు. నిక్షయ్ అను దేశవ్యాప్తమైన లెక్కలో ప్రతి రోగికి ఒక సంఖ్య ఇత్తురు. డోర్నకల్లు జంక్షనులో బండి ఎక్కి కొత్తగూడెము పోయినను, కాజీపేట పోయినను, పోవుటకు ముందే ఆరోగ్య కార్యకర్తకు చెప్పినచో ఆ సంఖ్యపై అచ్చటికే చికిత్స మార్చుదురు.

కొందరు మందు మానుటకు సోమరితనము కాక భయము కారణము. మూత్రము ఎర్రబడును, ఇది రిఫాంపిసిన్ రంగు, కీడు లేదు. అరికాళ్లు మండుట, తిమ్మిరి ఐసోనియాజిడ్ వలన కలుగును. దానికి ఒక విటమిను మాత్ర చాలును. కన్నులు పచ్చబడుట, ఆగని వాంతులు, చూపు మసకబారుట మాత్రము ఉపేక్షింపరాదు. ఆ దినముననే వైద్యునికి చూపవలయును, మందు మార్చి ఇత్తురు.

ఇప్పుడు ఆహారమును గూర్చి. ఈ విషయమున రెండు పరిశోధనలు ఒకదానికొకటి విరుద్ధముగా కనబడును. మేము రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపెదము.

1956లో మద్రాసున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడెను. పేదవారగు 193 మంది రోగులను తీసికొని, కొందరిని శానిటోరియములో మంచి ఆహారము, విశ్రాంతి ఇచ్చియు, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచియు, ఇరువురికిని ఒకే మందులు సంవత్సరము పాటు ఇచ్చిరి. ఇంటివారు తక్కువ తిండి తినిరి, ఎక్కువ పనిచేసిరి. అయినను సంవత్సరాంతమున క్రిములు అణగినవారు ఇంటివారిలో నూటికి 86 మంది, శానిటోరియమువారిలో 92 మంది. గొప్ప భేదము లేదు. 1959లో ఇది ప్రకటింపబడగా లోకమంతట శానిటోరియముల అవసరము తీరిపోయెను. మందు క్రమము తప్పకున్నచో ఇంటనే కుదురునని తేలినది. ఆహారముతో పనిలేదని కూడ కొందరు అనుకొనిరి. ఇది తొందరపాటు.

2019 మొదలు 2022 వరకు జార్ఖండు రాష్ట్రమున నాలుగు జిల్లాలలో మరియొక పరిశోధన జరిగెను. 2,800 మంది క్షయరోగులకు మందుతోపాటు నెలకు పది కిలోల ఆహారద్రవ్యములు ఇచ్చిరి: బియ్యము, పప్పు, పాలపొడి, నూనె మొదలైనవి. రోగులలో పెక్కుమంది ఎముకలగూళ్లు. మొదటి రెండు నెలలలో ఎవరి బరువు నూటికి అయిదు వంతులు పెరిగెనో, వారికి చావు భయము పెరగనివారికంటె నూటికి 61 వంతులు తక్కువని 2023లో ప్రకటించిరి. నలుబది కిలోల మనిషి రెండు కిలోలు పెరుగుట యన్నమాట. రోగుల ఇండ్లలోని వారికిని సగము ఇండ్లలో ఆహారము ఇచ్చి చూడగా, వారిలో క్షయ క్రొత్తగా వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. తుంగగడ్డకు అదను దొరకకుండుట ఇదియే.

మరి మద్రాసు మాట అబద్ధమా? కాదు. క్రిమిని చంపునది మందు. ఆ మందు పనిచేయువరకు మనిషిని నిలుపునది తిండి. మిక్కిలి క్షీణించినవానికి ఆ నడుమ కాలమే గండము. చికిత్సలో ఉన్న క్షయరోగుల మరణములలో ఎక్కువ భాగము మొదటి రెండు నెలలలోనే కలుగుచున్నవి. నారు నాటిన పది దినములు నీరు పట్టని మడికి తరువాత ఎంత ఎరువు వేసినను ఫలమేమి?

దీనిని ఆధారము చేసికొనియే తమిళనాడు ప్రభుత్వము 2022 ఏప్రిలు నుండి క్షయ మరణములను తగ్గించు పథకము నడపుచున్నది. వ్యాధి తేలిన దినముననే ప్రతి రోగిని చూచి, ప్రమాదస్థితిలో ఉన్నవారిని ఆసుపత్రిలో చేర్చుకొందురు. వారు చూచు గుర్తులు మన ఇంటను చూడదగినవే. ఆధారము లేక నిలువలేకపోవుట ఒకటి. నిమిషమునకు 24 కంటె ఎక్కువ ఊపిరులు తీయుట ఒకటి. గడియారము చేతబట్టి ఎవరైనను లెక్కింపవచ్చును. వ్రేలికి తగిలించు పరికరములో ప్రాణవాయువు 94కు తగ్గుట ఒకటి. తక్కినది బరువు. అయిదడుగుల నాలుగు అంగుళముల మనిషి 49 కిలోలైన ఉండవలయును. 37 కిలోలకు దిగినచో, లేక పాదములు వాచి 42 కిలోలకు దిగినచో, గండములో ఉన్నాడని తెలిసికొనవలయును. అయిదడుగుల స్త్రీకి 43 ఉండవలసినది, 32కు దిగుట గండము. ఇట్టివారిని మాత్రలు చేతబెట్టి ఇంటికి పంపినచో పనికిరాదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునుండి మహబూబాబాదునకు గాని, వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు గాని చేర్చుడని ఇంటివారు పట్టుపట్టి అడుగవలయును.

మన గ్రామములలో రోగికి పథ్యము పెట్టు ఆచారము కలదు. పప్పు వేడి, గ్రుడ్డు వేడి, పాలు కఫము, పెరుగు చలువ అని ఒక్కొక్కటే తీసివేసి, చివరకు గంజియు కారమును మిగుల్చుదురు. ప్రేమతో చేయు పనియే గాని క్షయరోగికి ఇంతకంటె కీడు వేరొకటి లేదు. కందిపప్పు, పెసలు, ఉలవలు, పల్లీలు, గ్రుడ్లు, పాలు, అలవాటున్నవారికి మాంసము, జొన్నగట్క, తైదంబలి. ఏది దొరకిన అది, ఆకలి లేనిచో కొంచెము కొంచెముగా దినమునకు అయిదారు మారులు పెట్టవలయును. పథ్యమును క్షయకు వాడవద్దని మా గట్టి అభిప్రాయము.

తక్కిన కారణములు కొన్ని కలవు. చక్కెరవ్యాధి గలవారికి క్షయ వచ్చుట రెండు మూడింతలు ఎక్కువ. వచ్చినచో మరణభయమును ఇంచుమించు రెండింతలు. మన ప్రాంతమున చక్కెరవ్యాధి పెరుగుచున్నందున ఇది చిన్న సంగతి కాదు; క్షయ తేలిన ప్రతివారు నెత్తురులో చక్కెర చూపించుకొనవలయును. హెచ్.ఐ.వి. పరీక్షయు అట్లే. అది ఉన్నయెడల దాని మందు కూడ కొలది వారములలో మొదలుపెట్టినచో బ్రతుకుదురు, దాచినచో బ్రతుకరు. గుడుంబ, బ్రాంది కాలేయమును చెరచును. అదే కాలేయము క్షయ మాత్రలను మోయవలయును. పైగా తాగువాడు మాత్రల దినములు మరచును. బీడీలు, చుట్టలు, రాళ్లక్వారీలలోను బొగ్గుగనులలోను పీల్చిన రాతిధూళి ఊపిరితిత్తిని ముందే చెరచియుంచును. వయస్సు పెరిగినకొలది భయము పెరుగును. మునుపు ఒకమారు క్షయ వచ్చినవారు రెండవమారు మరింత జాగ్రత్తపడవలయును.

సంఘము చేయదగిన పని కొంచెము కలదు. క్షయరోగికి పోషణార్థము కేంద్ర ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చెను. 2024 నవంబరు నుండి అది 1,000 రూపాయలైనది. సొమ్ము బ్యాంకు ఖాతాకు పోవును. ఖాతా లేకయో, ఆధారు పొసగకయో చిక్కుకొన్నచోట సంఘ కార్యదర్శి ఒక పూట వెచ్చించినచో దారి తెరచుకొనును. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పద్ధతి ప్రకారము సహకార సంఘములు కూడ రోగులకు ఆరు నెలల ఆహారద్రవ్యముల పొట్లములు ఇచ్చుటకు పేరు నమోదు చేసికొనవచ్చును. గోదాములో వడ్లు తూచు కాటా ఉన్నది గదా. దానిపై నెలకొకమారు రోగి బరువు చూచి చీటిపై వ్రాసినచో, ఆ చీటి వైద్యునికి ఎంతో పనికివచ్చును. ఇది నలుగురి ఎదుట చేయరాదు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట ఈ రోగమును ఎందుకు దాచుదురో మన కెరుకయే. సరియైన మందు మొదలైన కొలది వారములలో రోగి నుండి అంటుట మిక్కిలి తగ్గిపోవును. కనుక ఏండ్ల తరబడి వేరు కొట్టము, వేరు కంచము అవసరము లేదు. తొలి దినములలో గాలివెలుతురు గల చోట పడుక, నోటికి గుడ్డ చాలును.

ఇంటిలోని తక్కినవారిని, ముఖ్యముగా అయిదేండ్లలోపు పిల్లలను, రోగము తేలిన వారములోనే పరీక్షకు తీసికొనిపోవలయును. వ్యాధి లేనిచో లోపల అణగియున్న క్రిమికి ముందుగానే మందు ఇత్తురు. ఐసోనియాజిడ్ ఆరు నెలలు ప్రతిదినము తీసికొనుట ఒక పద్ధతి, రెండు మందులు కలిపి వారమునకు ఒకమారు చొప్పున పన్నెండు వారములు తీసికొనుట రెండవ పద్ధతి. ఇదియు ఉచితమే. పిల్లవానికి దగ్గు లేదు గదా యని పెక్కుమంది దీనికి పోరు. పసిపిల్లలలో క్షయ దగ్గుతో కాక, బరువు పెరగకపోవుటతోను, విడువని జ్వరముతోను మొదలగును.